సీరియల్ కబుర్లు: లాండోను ఎందుకు క్షమించాలి?

పోయిన సంచికలో ‘బాబిలాన్ 5’ గురించి రెండు పేరాలు రాశాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం దాని మీదే. చూడనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. ఇది అమెరికన్ సైన్స్ ఫిక్షన్ సీరియల్. 1993లో పైలట్ సినిమా వచ్చింది, 1994 నుంచి 1998 దాకా ఐదు సీజన్లు, 110 ఎపిసోడ్లు. కథ 2258లో మొదలవుతుంది. ఐదు మైళ్ల పొడవున్న అంతరిక్ష కేంద్రం, అందులో రకరకాల గ్రహాల రాయబారులు. సెంటారీలు ఒకప్పుడు సామ్రాజ్యం ఏలి ఇప్పుడు చితికిపోయినవాళ్లు. నార్న్‌లు వాళ్ల కింద బానిసలుగా బతికి బయటపడ్డవాళ్లు. సెంటారీల రాయబారి లాండో మొలారి, నార్న్‌ల రాయబారి జికార్. కథ ఆఖరిదాకా చెప్పేస్తున్నాను. చూద్దామనుకునేవాళ్లు పేజీ తిప్పేయండి, ఏమీ అనుకోను.

ప్రశ్న: లాండో వల్ల లక్షల మంది చచ్చారు. అయినా చివరికి అతని మీదే జాలి పుట్టేలా రాశారు. ఇదేం న్యాయం? మా ఫ్రెండ్స్ అయితే అతన్ని కర్ణుడంటున్నారు. – గృహిణి, విజయవాడ

జవాబు: కర్ణుడు కాదమ్మా. కర్ణుడికి తనను ఆదుకున్నవాడి రుణం ఉంది. లాండోకి జూదంలో చేసిన అప్పులు తప్ప ఏ రుణమూ లేదు. జుట్టు విసనకర్రలా నిలబెట్టుకుని, తాగుతూ, పేకాడుతూ, మా వాళ్లు ఒకప్పుడు ఎలా వెలిగారో తెలుసా అని కనిపించినవాడికల్లా చెప్పుకునే మనిషి. మొదటి సీజన్లో అతన్ని చూస్తే నవ్వొస్తుంది, అంతే.

మొదటి సీజన్ పదమూడో ఎపిసోడ్లో మోర్డెన్ అనే నవ్వుమొహం మనిషి వచ్చి రాయబారుల్ని ఒకటే అడుగుతాడు: మీకేం కావాలి? మిన్‌బారీ జాతి రాయబారి డెలెన్ అతన్ని గదిలోంచి పొమ్మంటుంది. జికార్ సెంటారీల నాశనం కావాలంటాడు, ఆ తర్వాత ఏమిటంటే తెలియదంటాడు. లాండో ముందు విసుక్కుంటాడు. వాడు వదలకపోయేసరికి కడుపులో ఉన్నదంతా కక్కేస్తాడు. మళ్లీ పాత వైభవం రావాలి, మా వాళ్లే అందరినీ ఏలాలి. బేరం అక్కడే కుదిరిపోయింది.

దాని ఫలితం రెండో సీజన్లో, ‘ద కమింగ్ ఆఫ్ షాడోస్’ ఎపిసోడ్లో చూస్తాం. 1996లో సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే హ్యూగో అవార్డు వచ్చింది దీనికి. సెంటారీ చక్రవర్తి ముసలివాడు, జబ్బు మనిషి. తన వంశం చేసిన పాపాలకు నార్న్‌లను క్షమాపణ అడుగుదామని స్వయంగా వస్తాడు. అడిగేలోపే కుప్పకూలిపోతాడు. డాక్టరు ద్వారా ఆ మాట జికార్‌కి చేరుతుంది. జికార్ ఆ సంతోషంలో బార్‌లో లాండోని వెతికి పట్టుకుని మందు పోయిస్తాడు. అప్పటికే లాండో మోర్డెన్ ద్వారా ఒక నార్న్ స్థావరం మీద దాడికి ఏర్పాటు చేసేశాడు. ఆ గ్లాసు పట్టుకున్న లాండో మొహం చూడండి. చక్రవర్తి చనిపోయేముందు లాండో చెవిలో ఏదో అంటాడు. మన జాతిని మళ్లీ నక్షత్రాల దాకా తీసుకెళ్లమన్నారని లాండో బయటికి చెబుతాడు. తర్వాత తన కుట్రలో భాగస్వామి అడిగితే నిజం బయటపెడతాడు. చక్రవర్తి అసలు అన్నది, మీరిద్దరూ నాశనమైపోతారని.

ఆ సీజన్ చివర్లో సెంటారీ ఓడలు నార్న్ గ్రహం మీద పెద్ద పెద్ద బండరాళ్లు విసిరి ఊళ్లకు ఊళ్లు నేలమట్టం చేస్తాయి. నిషేధించిన ఆయుధాలవి. లాండో కిటికీ దగ్గర నిలబడి చూస్తాడు. డైలాగు లేదు. లాండోగా వేసిన పీటర్ జురాసిక్ మొహంలో సంతోషం లేదు, ఆపడానికి చెయ్యీ లేవదు.

ఇంత చేసినవాడి మీద జాలి ఎందుకంటారు. జాలి పుట్టించారు గానీ మాఫీ చెయ్యలేదు కదా! ఆఖరికి అతను చక్రవర్తి అవుతాడు, కోరుకున్నదానికంటే ఎక్కువే. అప్పటికి భుజం మీద ఒంటికన్ను జీవి అతుక్కుని ఉంటుంది, అతని ప్రతి పనినీ కాపలా కాస్తూ. తన చావు ఎలా ఉంటుందో అతను మొదటి సీజన్ మొదటి ఎపిసోడ్లోనే చెబుతాడు: ఒక నార్న్‌తో గొంతులు పిసుక్కుంటూ చస్తానని కలలో చూశాడు. ఆ మాట విని మనం పట్టించుకోం. రచయిత మాత్రం పట్టించుకుంటాడు.

ప్రశ్న: జికార్ అంత సులువుగా క్షమించేశాడేమిటి? నాకైతే నమ్మబుద్ధి కాలేదు. – లెక్చరర్, కరీంనగర్

జవాబు: సులువుగానా? మాస్టారూ, మీరు మధ్యలో ఎపిసోడ్లు వదిలేసినట్టున్నారు. రెండో సీజన్ చివర్లో, గ్రహం పోయాక, జికార్ ఎక్కిన లిఫ్ట్‌లో లాండో సహాయకుడు వీర్ ఉంటాడు. వీర్ మెత్తని మనిషి. బాంబులు వేసింది అతను కాదు, వద్దని మొత్తుకున్నవాడు. క్షమించండి అంటాడు. జికార్ కత్తి తీసి తన అరచెయ్యే కోసుకుంటాడు. నెత్తురు బొట్టు బొట్టుగా కారుతుంటే ఒక్కో బొట్టుకీ ‘చచ్చారు’ అంటాడు. ఇంతమందికి ఎలా చెబుతావు క్షమాపణ అని అడుగుతాడు. చెప్పలేను అంటాడు వీర్. అయితే నేనూ క్షమించలేను అంటాడు జికార్.

అక్కణ్ణించి చూసుకోండి. మూడో సీజన్లో ఇద్దరూ లిఫ్ట్‌లో ఇరుక్కుంటారు. బయటపడే ప్రయత్నం చేద్దామని లాండో గోల పెడతాడు. నువ్వు చస్తుంటే చూడ్డమే హాయిగా ఉందని జికార్ పగలబడి నవ్వుతాడు. నాలుగో సీజన్లో జికార్ సెంటారీ పిచ్చి చక్రవర్తి చెరలో కొరడా దెబ్బలు తిని, ఒక కన్ను పోగొట్టుకుంటాడు. తర్వాత ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకం పెట్టమని లాండో అడిగితే, పెడతాను గానీ నీ సంతకం ఉన్న కాగితం మీద కాదు అంటాడు. ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నారు, ఒకే కాగితం మీద మాత్రం ఉండరు. ఈ సీరియల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే.

ఐదో సీజన్లో లాండోకి గుండె ఆగే పరిస్థితి వస్తే, ఆ మగతలో అతనికి అర్థమవుతుంది, జికార్‌ను కొరడాతో కొడుతుంటే తను నోరు మూసుకుని నిలబడ్డందుకు సారీ చెప్పలేదని. కళ్లు తెరిచి చెబుతాడు. మా ఆయన ఆ ఎపిసోడ్‌ని అస్సలు ఒప్పుకోరు, సారీ చెప్పడానికి గుండెపోటు రావాలా అంటారు. అదీ నిజమే. చివరికి జికార్ అనే మాట జాగ్రత్తగా వినండి: నా జాతి మీ జాతిని ఎప్పటికీ క్షమించదు, నేను నిన్ను క్షమించగలను. చచ్చినవాళ్ల తరఫున క్షమించే హక్కు తనకు లేదని అతనికి లిఫ్ట్‌లోనే తెలుసు. తన వాటా వరకే ఇచ్చాడు. జికార్‌గా వేసిన ఆండ్రియాస్ కట్సులాస్ 2006లో పోయారు. అంత మందపాటి మేకప్ కింద నుంచి ఇంత పలికించడం మాటలు కాదు.

ప్రశ్న: వీర్‌ని కమెడియన్ అనుకుని నవ్వుకున్నాను. అతనిలో మార్పు ఎప్పుడు మొదలైందంటారు? – రిటైర్డ్ ఉద్యోగి, రాజమండ్రి

జవాబు: మీ ఉత్తరంలో వికర్ణుడి ప్రస్తావన నచ్చిందండీ. సభలో ద్రౌపది తరఫున కౌరవుల్లో నోరు విప్పినవాడు అతనొక్కడే, యుద్ధంలో మాత్రం అన్న పక్షానే నిలబడ్డాడు. వీర్ ఒక అడుగు ముందుకేశాడు. అబ్రహామో లింకొల్నీ అని దొంగపేరు పెట్టుకుని, కాగితాల మీద చచ్చినట్టు రాసి, రెండు వేల మంది నార్న్‌లను తప్పించాడు. మీకేం కావాలి అని మోర్డెన్ అడిగితే, నీ తల కొయ్యకు గుచ్చి ఉండగా చూసి ఇలా చెయ్యి ఊపాలని ఉంది అని వేళ్లు ఆడించి చూపిస్తాడు. నాలుగో సీజన్లో సరిగ్గా అలాగే ఊపుతాడు. కానీ పిచ్చి చక్రవర్తిని తన చేత్తో చంపాల్సి వచ్చాక తాగి ఏడుస్తాడు చూడండి, నాకు చిన్న ఉద్యోగం, ప్రేమించే భార్య చాలనుకున్నానని. హీరో అయినందుకు ఏడ్చే మనిషిని టీవీలో ఎక్కువగా చూడం.

ప్రశ్న: మొదటి సీజన్ బోరు, వదిలేసి రెండో సీజన్ నుంచి చూడమంటున్నారు. – డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: బోరే, సగం. వదలకు తమ్ముడూ. లాండో నవ్వించిన రోజులు చూడకపోతే తర్వాత అతని పతనం నీకు అంటదు. పైగా ఆ మొదటి ఎపిసోడ్లో దండెత్తింది నార్న్‌లే, సెంటారీ స్థావరం మీద. జికార్ కూడా సాధువుగా పుట్టలేదు.

ప్రశ్న: ఒక సీజన్ అవగానే హీరోనే మార్చేశారు. పాత్రల పెరుగుదల గురించి ఇంత చెప్పే సీరియల్‌కి ఇది దెబ్బ కాదా? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్

జవాబు: దెబ్బే. కొత్త హీరో కెప్టెన్ షెరిడన్‌గా బ్రూస్ బాక్స్‌లైట్నర్ బాగానే చేసినా, మొదటి సీజన్ హీరో సింక్లెయిర్ మనసులోని పాత గాయం మధ్యలో వేలాడిపోయింది. మూడో సీజన్లో రెండు ఎపిసోడ్లకు తిరిగి రప్పించి, వెయ్యేళ్ల వెనక్కి పంపి, ముడి విప్పారు. ఆ నటుడు మైకేల్ ఓహేర్ 2012లో చనిపోయాక, 2013లో రచయిత స్ట్రజిన్‌స్కీ అసలు సంగతి చెప్పారు. ఓహేర్ తీవ్రమైన మానసిక అనారోగ్యంతో బాధపడుతూనే ఆ సీజన్ పూర్తి చేశారు. షూటింగ్ ఆపేద్దామంటే అందరి ఉద్యోగాలు పోతాయని వద్దన్నారు. తెరమీద తెలియనివ్వలేదు పాపం.

ప్రశ్న: వీర్‌తో ఒక ఎపిసోడ్ నేనే ఊహించాను. సీరియల్ వాళ్లకు ఇలాంటివి పంపితే తీసుకుంటారా? – హైస్కూల్ టీచర్, కర్నూలు

జవాబు: స్ట్రజిన్‌స్కీ 110లో 92 ఎపిసోడ్లు తనే రాశారు. తొంభైల్లోనే ఆన్‌లైన్‌లో అభిమానులతో రోజూ మాట్లాడేవారు, కానీ కథ ఆలోచనలు మాత్రం చెప్పొద్దని బతిమాలేవారు. ఒక అభిమాని పొరపాటున చెప్పిన ఊహ, నేరస్థుడి జ్ఞాపకాలు చెరిపేసి కొత్త మనిషిని చేస్తే ఏమవుతుందన్నది, ఆయన రాయబోతున్న కథకు దగ్గరగా ఉంది. దాంతో, కేసు అవుతుందని ఆ ఎపిసోడ్ పక్కన పెట్టాల్సి వచ్చింది. అభిమాని అభ్యంతరం లేదని రాసిచ్చాకే మూడో సీజన్లో తీశారు. కాబట్టి వీర్ కథ వాళ్లకు పంపకండి. నాకు పంపండి, నేను ఎలాగూ సీరియల్ తీసేది లేదు.