సెమినార్ పేపర్‌ను కుదించి ‘థింక్’ లాంటి తత్వశాస్త్ర జర్నల్‌కు పంపొచ్చా?

స్వేచ్ఛా సంకల్పం (మనం చేసే పనిని మనమే ఎంచుకుంటామా అన్న ప్రశ్న) మీద 7,000 పదాల సెమినార్ పేపర్ ఉంది, సగానికి కుదించి ‘థింక్’కి పంపొచ్చా అని అడిగారు. కుదిస్తే పనికిరాదు, మొదటి నుంచి మళ్లీ రాయాలి.

థింక్ 2002లో మొదలైంది. లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిలాసఫీ తరఫున కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్ ఏడాదికి మూడు సంచికలు వేస్తుంది. తత్వశాస్త్రం చదవనివాళ్లకూ అందాలన్నదే దాని ఉద్దేశం. అలాగని వాదం పలచబడకూడదు. తీసేయాల్సింది ‘ఎవరు ఏమన్నారు’ అనే భాగం.

ముందు మీ నిర్ధారణను ఒక్క వాక్యంలో రాయండి. దానికి దారితీసే ఆధారవాక్యాలను కింద అంకెలు వేసి పెట్టండి. నాలుగైదుకు మించితే మీ దగ్గర ఉన్నవి రెండు వ్యాసాలు. ఆ ఆధారవాక్యాల్లో కొత్త పాఠకుడు దేన్ని ఒప్పుకోడో చూసి, సగం చోటు దానికే ఇవ్వండి.

ఎక్కువగా దెబ్బతినేది ఉదాహరణల దగ్గర. అమెరికన్ తత్వవేత్త హ్యారీ ఫ్రాంక్‌ఫర్ట్ 1969లో ఇచ్చినదే తీసుకోండి: ఒకడు తనంతట తానే ఒక పని చేస్తాడు. వేరేలా చేయబోతే అడ్డుకోవడానికి ఇంకొకడు కాచుకుని ఉన్నాడు, కానీ ఆ అవసరం రాలేదు. వేరే దారి లేకపోయినా బాధ్యత మొదటివాడిదే కదా అన్నది వాదం. ‘వేరేలా చేయబోతున్నాడని ఆ కాచుకున్నవాడికి ముందే ఎలా తెలుస్తుంది?’ అని చదివేవాళ్లు వెంటనే అడుగుతారు. అది తెలియక అడిగే ప్రశ్న కాదు, నిపుణులు గట్టిగా తలపడిన చోటు అదే. ఆ పూర్వపక్షాన్ని (ఎదురువాదాన్ని) మీరే బలంగా పెట్టి జవాబివ్వండి, లేదా ఉదాహరణ మార్చండి. ఫుట్‌నోట్‌లోకి మాత్రం నెట్టొద్దు.

ఒకే మాట మళ్లీ మళ్లీ వాడితే పునరుక్తి దోషమని ఇక్కడ భయపడకండి. ఒక పేరాలో ‘స్వేచ్ఛ’, తర్వాత ‘ఎంపిక’, ఆపైన ‘సంకల్పం’ అంటే పాఠకుడు మూడు వేర్వేరు విషయాలనుకుంటాడు. కొన్నిసార్లు రాసినవారి వాదమే ఆ మార్పులో జారిపోతుంది.

పద పరిమితి, పేరు తీసేసి పంపాలా వద్దా అన్నవి జర్నల్ ప్రస్తుత సూచనల్లో చూడండి. పేరు ఉండకూడదంటే ఫైల్ ప్రాపర్టీస్‌లోంచి కూడా తీసేయండి. ఒకేసారి రెండు జర్నల్స్‌కు పంపడం మాత్రం తత్వశాస్త్ర జర్నల్స్ సాధారణంగా ఒప్పుకోవు.

పంపేముందు ఈ శాస్త్రంతో సంబంధం లేనివారికి చదవనివ్వండి. బాగుందా అని అడగొద్దు. కాగితం పక్కన పెట్టి వాదాన్ని తిరిగి చెప్పమనండి. వాళ్లు ఎక్కడ ఆగిపోతే ఆ పేరానే తిరగరాయాలి.