పాత గడ్డం కత్తి పిడి ముట్టుకునే ముందు

నాయనా, ఆశీస్సులు.

పాత మంగలికత్తి పిడిని బాగుచేయాలని కూర్చున్నావు, సంతోషం. కానీ ఆకురాయి పట్టకముందే అది దేనితో చేసిన పిడో తేల్చుకో. కొమ్మును మెత్తబరిచే వేడినీళ్లే ఎబొనైట్‌ను, అంటే గంధకంతో గట్టిపరచిన రబ్బరును, గోధుమరంగుకు తిప్పేస్తాయి. మరకలు తుడిచే అసిటోన్ తగిలితే సెల్యులాయిడ్, అంటే కర్పూరం కలిపి చేసిన పాతకాలపు ప్లాస్టిక్, కరిగిపోతుంది.

కాల్చిన సూది గుచ్చి చూడమని ఎవరన్నా వినకు. సెల్యులాయిడ్ భగ్గున అంటుకునే సరుకు. నీ ముక్కు చాలు. పిడి లోపలివైపు బొటనవేలితో వేడెక్కేదాకా గట్టిగా రుద్ది, వెంటనే వాసన చూడు. కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడ్, గంధకం వాసన వస్తే ఎబొనైట్. ఏ వాసనా లేకపోతే దీపానికి అడ్డంగా పట్టు. నల్ల కొమ్ము కూడా పలచని అంచు దగ్గర చాలాసార్లు ఎర్రగా వెలుగు చూపిస్తుంది, పొడవునా నారలు కనిపిస్తాయి. ఎబొనైట్‌లోంచి వెలుగు రాదు.

తెల్ల పిడులు ఎక్కువ మోసం చేస్తాయి. సన్నని చారలు సమాన దూరంలో, గీత గీసినట్టు సాగితే అది ఏనుగు దంతాన్ని అనుకరించిన సెల్యులాయిడ్. చిన్న చిన్న నల్ల చుక్కలు, గీతలు ఉంటే ఎముక. అవి రక్తనాళాలు నడిచిన దారులు. అసలు దంతానికి అడ్డకోతలో ఒకదాన్నొకటి కోసుకునే వంపు గీతలు ఉంటాయి. దంతం అని తేలితే నానబెట్టకు, తెల్లబరచకు. కొనే, అమ్మే ముందు చట్టం కనుక్కో.

కాలం కూడా సాయపడుతుంది. ఎబొనైట్‌కు మూలమైన గుడ్‌ఇయర్ రబ్బరు పేటెంట్ 1844 నాటిది, హయత్ సోదరుల సెల్యులాయిడ్ పేటెంట్ 1870 నాటిది. అంతకన్నా పాత కత్తికి ఆ పిడి ఉందంటే తర్వాత మార్చినదే.

సెల్యులాయిడ్ విషయంలో ఒక్కటి గట్టిగా చెబుతున్నాను. అది కుళ్ళడం మొదలైతే నైట్రోజన్ ఆక్సైడ్ వాయువులు వదులుతుంది. అవి గాలిలోని తేమతో కలిసి ఆమ్లమై ఉక్కును తినేస్తాయి. కత్తి మూసినప్పుడు పిడి లోపల దాగే అలుగు భాగమంతా తుప్పుపట్టి, బయటికి ఉండే తోక శుభ్రంగా ఉంటే అనుమానించు. ఘాటైన పులుపు వాసన, వలలాంటి పగుళ్లు, రివెట్ల చుట్టూ ఆకుపచ్చ చిలుము కూడా గుర్తులే. దీనికి మందు లేదు. పిడి తీసేసి కొత్తది వెయ్యి, కుళ్ళినదాన్ని మిగతా కత్తుల పక్కన పెట్టకు. పారదర్శకమైనవి, తాబేలుచిప్ప రంగువి ముందు చెడతాయి. తెల్లవాటిలో కలిపే జింక్ ఆక్సైడ్ ఆమ్లాన్ని విరుస్తుంది కాబట్టి అవి ఎక్కువ కాలం నిలుస్తాయి.

విప్పేటప్పుడు రివెట్ తలను ఆకురాయితో వాషర్ మట్టానికి అరగదీసి, సన్నని పంచ్‌తో నెమ్మదిగా తోసెయ్. అరగదీయకుండా సుత్తితో కొడితే పిడి రంధ్రం దగ్గరే పగులుతుంది.

కొమ్ముకు పురుగు తిన్న గుంతలుంటే ముందు వాటిని పూడ్చు, నూనె తర్వాత. నూనె పట్టిన కొమ్ముకు జిగురు అంటదు. కొమ్ము పొడిని గుంతలో అద్ది, పలచటి సూపర్ గ్లూ చుక్క వేసి, ఆరాక మళ్లీ వేస్తూ పొరలుగా నింపు. వంకర పోయి ఉంటే మరిగే నీళ్లలో కొన్ని నిమిషాలు ఉంచి, మెత్తబడగానే రెండు చదును చెక్కల మధ్య బిగించి రాత్రంతా వదిలెయ్. తర్వాత పొడవు దిశలోనే 400, 600, 1000, 2000 నంబర్ల గరుకు కాగితాలతో రుద్దు. చివర్న నీట్స్‌ఫుట్ నూనెలో (పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసే నూనె) కొన్ని రోజులు నానబెట్టి తుడిచెయ్. కొమ్ము, ఎముకల పొడి ఊపిరికి మంచిది కాదు, మాస్కు తప్పనిసరి.

ఎబొనైట్‌కు నీళ్లు వద్దు. పైన ఉన్న గోధుమ పొర పలచనిది, 600తో మొదలుపెట్టి 2000 దాకా వెళితే నలుపు బయటపడుతుంది. అచ్చు నగిషీ ఉంటే మాత్రం రుద్దకు. నగిషీ పోతే తిరిగి రాదు. కొంచెం మైనం పూసి ఎండ తగలనిచోట ఉంచు.

మళ్లీ బిగించడానికి 1.6 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీ సరిపోతుంది. వాషర్ పైన 0.8 మిల్లీమీటర్లు మిగిలేలా కోసి, చిన్న గుండ్రతల సుత్తితో రెండు వైపులా మార్చి మార్చి తేలికగా తట్టు. మొదటి దెబ్బకే బిగుసుకుపోవాలనుకుంటే కడ్డీ వంగుతుంది. పిడి రెండు పలకల మధ్య చివర ఉండే చిన్న ముక్క (వెడ్జ్) సీసందైతే పొడిగా రుద్దకు, ముట్టుకున్నాక చేతులు కడుక్కో. కత్తి మూసినప్పుడు అంచు ఏ వైపు పిడికీ తగలకూడదు. తగిలితే బిగింపు పెంచకు, ఆ వెడ్జ్ మందం రెండు అంచుల్లో సమానంగా ఉందో లేదో చూడు.