చెరువులో చేపలు తేలిన రోజు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ వెనక చిన్న చెరువుంది. మొన్న తొలకరి వాన పడ్డ మర్నాడు పొద్దున్నే చూస్తే ఒడ్డు పొడుగునా చేపలు తెల్లగా తేలి ఉన్నాయి. ఎవరో పురుగుమందు కలిపారు, అది నరాల మీద పనిచేసే విషం అని పక్కింటాయన అంటారు. కాదు, మురుగు వల్ల గాలి ఆడక చచ్చాయని వాచ్‌మన్ అంటాడు. ఎవరి మాట నిజం? (ఒక గృహిణి, నాగోలు)

జవాబు: కళ్లతో చూడకుండా ఇదే అని చెప్పను. కానీ మీరు రాసిన రెండు మాటలు, తొలకరి అనీ పొద్దున్నే అనీ, వాచ్‌మన్ వైపే మొగ్గుతున్నాయమ్మా. ఎండాకాలమంతా నాలాల్లో పేరుకున్న మురుగు మొదటి వానకి ఒక్కసారిగా చెరువులోకి కొట్టుకొస్తుంది, దాన్ని కుళ్లబెట్టే బ్యాక్టీరియా నీళ్లలో ఉన్న ఆక్సిజన్‌ని వాడేసుకుంటుంది. పగలు ఎండ ఉంటే నాచు కొంత ఆక్సిజన్ ఇస్తుంది, మబ్బు పడితే అదీ తగ్గుతుంది, రాత్రయితే నాచు కూడా పీల్చుకునేదే. అందుకే తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. బొచ్చె, రవ్వ లాంటి చేపలకి లీటరు నీటిలో 5 మిల్లీగ్రాములుంటే ఇబ్బంది లేదు. 2 కంటే దిగితే పైకొచ్చి నోళ్లు తెరుచుకుంటాయి.

ఒక గుర్తు చెబుతాను. తేలిన వాటిలో కొర్రమీను ఉందా? మన రాష్ట్ర చేప అది, పైకొచ్చి నేరుగా గాలి పీల్చగలదు. బొచ్చెలన్నీ పోయి కొర్రమీన్లు మిగిలితే గాలి ఆడకే అనుకోవచ్చు. అదే కొర్రమీన్లు, రొయ్యలు, నీటి పురుగులు అన్నీ కలిసి పోయినా, అది ఎండగా ఉన్న మధ్యాహ్నం జరిగినా, అప్పుడు మీ పక్కింటాయన అనుమానాన్ని గట్టిగా పట్టించుకోవాలి.

ఆయన చెప్పే విషం ఎలా పనిచేస్తుందో కూడా తెలుసుకోండి. మెదడు నుంచి వచ్చిన సంకేతం నరం చివరిదాకా విద్యుత్తులా వస్తుంది, అక్కడ ఆగి రసాయనంగా మారుతుంది. ఎసిటైల్ కోలిన్ అనే ఆ రసాయనం వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని సందుని దాటి కండరాన్ని తాకితే కండరం ముడుచుకుంటుంది. ఆ వెంటనే ఎసిటైల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని విరగ్గొట్టాలి, లేకపోతే కండరం వదలదు. నరాలు రసాయనంతో కబురు పంపుతాయని 1921లో ఓటో లోవీ రెండు కప్ప గుండెలతో చూపించారు. ఒక గుండెకి పోయే నరానికి విద్యుత్తు తగిలించి, ఆ గుండె నెమ్మదించాక, దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని తీసి రెండో గుండెకి పోస్తే అదీ నెమ్మదించింది. ఎంత చిన్న ప్రయోగమో, ఎంత పెద్ద సంగతో! ఆయనకీ హెన్రీ డేల్‌కీ కలిపి 1936లో నోబెల్ వచ్చింది.

క్లోర్‌పైరిఫాస్, మోనోక్రోటోఫాస్ లాంటి పురుగుమందులు పట్టుకునేది సరిగ్గా ఆ ఎంజైమ్‌నే. సంకేతం ఆగదు, చేప ముందు వణుకుతుంది, గింగిరాలు తిరుగుతుంది, తర్వాత చచ్చుబడి మొప్పలు ఆడించలేక పోతుంది. ఈ ఎంజైమ్ పురుగులోనూ చేపలోనూ మనలోనూ ఉంది. పురుగుమందు తాగిన మనిషికి ఆసుపత్రిలో అట్రోపిన్ ఇచ్చేది కూడా ఎసిటైల్ కోలిన్ పోటుని తగ్గించడానికే. చచ్చిన చేప మెదడులో ఈ ఎంజైమ్ ఎంత పనిచేస్తోందో కొలవొచ్చు, 1961 నుంచీ వాడుకలో ఉన్న ఎల్మన్ పద్ధతిలో ఎంజైమ్ బాగుంటే ద్రావణం పసుపు రంగుకి తిరుగుతుంది. కాబట్టి ఇంకోసారి జరిగితే అప్పుడే పోయిన చేప ఒకటి ఐస్‌లో పెట్టి, సీసా నిండా నీళ్లు పట్టి, ఏ టైముకి ఎక్కడ తీశారో రాసి, అదే రోజు మత్స్యశాఖకో కాలుష్య నియంత్రణ మండలికో అందజేయండి. రెండు రోజులాగితే ఏమీ తేలదు. ఆ చేపల్ని ఎవరూ వండుకోకుండా చూడండి.

ఇంకొక మాట, మీ పక్కింటాయన పూర్తిగా తప్పేమీ కాదు. మురుగుతో పాటు అమోనియా కూడా వస్తుంది. నాచు ఎక్కువైన చెరువులో మధ్యాహ్నానికి నీటి క్షారగుణం పెరిగితే ఆ అమోనియా మొప్పల గుండా సులువుగా లోపలికి దూరే రూపంలోకి మారుతుంది, దూరి నేరుగా మెదడు మీద పడుతుంది, చేపకి ఫిట్స్ లాంటివి వస్తాయి. అంటే ఏ పురుగుమందూ కలపకుండానే, మన డ్రైనేజీ ఒక్కటే చేప నరాల్ని దెబ్బతీయగలదు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే పురుగుమందు కలిపినవాణ్ని వెతికి పట్టుకోవచ్చు, ఇక్కడ పట్టుకోవాల్సింది మన వీధి మొత్తాన్ని.

ప్రశ్న: అమ్మ పోయాక ఆవిడ వాడిన డిప్రెషన్ మాత్రలు రెండు స్ట్రిప్పులు మిగిలాయి. బాత్రూమ్‌లో వేసి నీళ్లు కొట్టేద్దామంటే మా అబ్బాయి, చేపలకి ఎక్కుతాయి నాన్నా, వద్దన్నాడు. అంత చిన్న మోతాదు చేపని ఏం చేస్తుంది? (దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: అమ్మగారి విషయం చదివి బాధ కలిగింది. మీ అబ్బాయి చెప్పిందే సరైంది. ఆ మాత్రల్లో చాలావరకు సెరోటోనిన్ అనే సంకేత రసాయనం మీద పనిచేస్తాయి. ఆ సెరోటోనిన్ మనిషి సొత్తు కాదు, చేపకీ నత్తకీ రొయ్యకీ ఉంది. స్వీడన్‌లో ఉమెయో విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో ఆందోళన తగ్గించే ఆక్సాజెపామ్ అనే మరో రకం మందుని పెర్చ్ చేపల నీటిలో లీటరుకి 1.8 మైక్రోగ్రాములు మాత్రమే కలిపి చూశారు. చేపలు బెదురు మానేశాయి, మంద వదిలి ఒంటరిగా తిరిగాయి, తిండి త్వరత్వరగా తిన్నాయి. వినడానికి బాగానే ఉంటుంది, కానీ పెద్ద చేప నోటికి చిక్కకుండా చిన్న చేపని కాపాడేది ఆ బెదురే.

మన దగ్గరి సంగతి దీనికంటే ఘోరం. పటాన్‌చెరు దగ్గర మందుల పరిశ్రమల వ్యర్థాలు శుద్ధి చేశాక బయటికొదిలిన నీటిలోనే, డిప్రెషన్‌కి వాడే సిటాలోప్రామ్ లీటరుకి 840 మైక్రోగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. ఆ నీళ్లు ఇసకవాగు, నక్కవాగు మీదుగా మంజీరలో కలిసేవి. మీ రెండు స్ట్రిప్పులు దాని పక్కన ఎంత అనిపించొచ్చు, నిజమే, అయినా మన చేతిలో ఉన్నది మనం ఆపగలం. ముందు మందుల షాపులో వెనక్కి తీసుకుంటారేమో అడగండి. తీసుకోకపోతే ఈ మాత్రల్ని స్ట్రిప్పులోంచి తీసి, వాడేసిన టీ పొడిలో కలిపి, గట్టిగా మూత పెట్టిన డబ్బాలో వేసి చెత్త బండికి ఇవ్వండి. నిద్ర మాత్రలో, గట్టి నొప్పి మందులో ఉంటే వాటి పద్ధతి వేరు, ఫార్మసిస్టుని అడిగి చేయండి. ఇది చదివి డాక్టర్ రాసిన మందు మాత్రం ఎవరూ ఆపకండి, దయచేసి.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. నాకు నరాల మీద పరిశోధన చేయాలని ఉంది. మా స్కూల్లో పెద్ద ల్యాబ్ లేదు. చెరువు నీళ్లలో ఏమైనా చూడొచ్చా మేడమ్? (ఒక విద్యార్థిని, ఉప్పల్)

జవాబు: చూడొచ్చు తల్లీ! మురుగు కలవని కుంటలో నీటి మొక్కల ఆకులు నాలుగు తెచ్చి గాజు సీసాలో వేసి, అరగంట కదపకుండా ఉంచు. ఆకుల అడుగున సన్నటి దారం ముక్కలా హైడ్రా వేలాడుతుండొచ్చు. ఒక్కోసారి పది సీసాలు చూస్తేగాని దొరకదు. దానికి మెదడు లేదు, ఒళ్లంతా పరుచుకున్న నరాల వల ఉంది. దువ్వెన పన్నుతో మెల్లగా తాకితే ఒక్కసారిగా ముడుచుకుని చుక్కలా అయిపోతుంది, కాసేపటికి మళ్లీ సాగుతుంది. ఎన్ని సెకన్లకి సాగిందో, పదిసార్లు తాకితే పదోసారి కూడా అంతే ముడుచుకుందో లేదో నోట్‌బుక్‌లో రాసుకో.

ఇంకోటి, జీబ్రాఫిష్. నరాల పరిశోధన కోసం ప్రపంచమంతా పెంచే ఆ చేప మన దేశపు వాగుల్లో, వరి మడుల్లో తిరిగేదే. దాని పిల్ల అద్దంలా పారదర్శకంగా ఉంటుంది. 2013లో అమెరికాలోని జెనీలియా పరిశోధన కేంద్రంలో మిషా ఆరెన్స్, ఫిలిప్ కెల్లర్ దాని మెదడులో ఉన్న సుమారు లక్ష నాడీకణాల్లో 80 శాతానికి పైగా మెరుస్తూ పనిచేయడాన్ని, మెదడు మొత్తాన్ని సెకను పైచిలుకుకి ఒకసారి ఫొటో తీస్తూ చూశారు. ఇంటర్‌లో బైపీసీ తీసుకుంటే మంచిదే, కానీ ఈ సంకేతాల విద్యుత్తు అర్థం కావాలంటే ఫిజిక్స్, లెక్కలు కూడా వదలకు. మీ ఉప్పల్ రోడ్డు మీదే హబ్సిగూడలో జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ అనే సంస్థ ఉంది, ఓపెన్ డే పెట్టినప్పుడు టీచర్‌ని అడిగి క్లాసంతా వెళ్లండి. కుంట దగ్గరికి మాత్రం ఒంటరిగా వెళ్లకు, పెద్దవాళ్లని తీసుకెళ్లు. చూడటం అయ్యాక హైడ్రాని, ఆకుల్ని, నీళ్లని ఎక్కడ తీశావో అక్కడే వదిలిపెట్టు.