ముందు మీ పీజీ నీళ్ళ గురించి రాయి

చిరంజీవి అమ్మడికి, పిన్ని ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు వ్యాసాలూ చదివాను. బరువు తగ్గడానికి చిట్కాలు, ఇరవై వేల లోపు మంచి ఫోన్లు, బెంగళూరు మారతహళ్ళిలో మీ పీజీ నీళ్ళకి జుట్టు పాడవడం. మొదటి రెండూ పక్కన పెట్టెయ్, మూడోది పట్టుకో. ఆ రెండింట్లోనూ భాష బాగానే ఉంది. కానీ ఆ ఫోన్లలో ఒక్కటీ నువ్వు చేత్తో పట్టుకోలేదు, ఆ చిట్కాలతో ఎవరైనా బరువు తగ్గారో లేదో నువ్వు చూడలేదు. చూడకుండా రాసేవాళ్ళు ఇప్పటికే వేలమంది ఉన్నారు. పెద్ద పెద్ద సైట్లు కూడా అవే రాస్తున్నాయి. వాటిని దాటుకుని నీ పేజీ గూగుల్‌లో పైకి రావడం అయ్యే పని కాదు. మూడోదాంట్లో మాత్రం బకెట్ అంచున తెల్లగా గార కట్టడం, ఎంత రుద్దినా సబ్బు నురగ రాకపోవడం, షవర్ చిల్లులు మూసుకుపోతే పిన్నీసుతో పొడుచుకోవడం ఉన్నాయి. అవి చదివాక ఈ పిల్ల దగ్గర చెప్పడానికి విషయం ఉంది అనిపించింది.

జీతానికి తోడు ఇంకాస్త ఆదాయం కోసం రాస్తున్నానని చెప్పడానికి ఎందుకంత మొహమాటపడ్డావు? రాసినదానికి డబ్బు రావాలనుకోవడంలో తప్పేమీ లేదు. కాకపోతే ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుందో తెలుసుకుని రాయాలి.

నీ పేజీ ఎవరైనా తెరిచిన ఆ క్షణంలోనే, అందులో ప్రకటన పెట్టే చోటు కోసం కంపెనీల మధ్య వేలం జరుగుతుంది. ఎక్కువ పాడినవాళ్ళ ప్రకటన కనిపిస్తుంది. సొంత బ్లాగు పెట్టుకుని, పేజీల్లో ప్రకటనలు పెట్టే గూగుల్ వాళ్ళ యాడ్‌సెన్స్ తీసుకుంటే వచ్చినదాంట్లో సుమారు 68 శాతం నీది, మిగతాది గూగుల్‌ది. పదిమందీ వ్యాసాలు రాసే సైటులో చేరితే ఆ సైటుకి కూడా వాటా పోతుంది. అలాంటి సైటే అయిన హబ్‌పేజెస్ పద్ధతిలో అయితే పేజీ వంద సార్లు తెరుచుకుంటే అరవై సార్లకి వచ్చే ప్రకటనల డబ్బు రచయితది, నలభై సార్లది సైటుది. దానికి బదులుగా పేజీ తయారుచేసే పని, ప్రకటనలవాళ్ళతో వ్యవహారం అంతా సైటే చూసుకుంటుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి అది చిన్న సాయం కాదు. అందుకే ముందు సైటులో రాసి చెయ్యి తిరిగాక సొంత బ్లాగు పెట్టుకోమంటాను.

ఆ వేలంపాట ఎంత దాకా వెళుతుందనేది చదివేవాళ్ళ అవసరాన్ని బట్టి ఉంటుంది. పొద్దుపోక బరువు చిట్కాలు తిరగేసే మనిషి వేరు. గీజర్ కాయిల్ ఎందుకు మాటిమాటికీ పోతోంది, ఇంటికి నీళ్ళ గార తగ్గించే సాఫ్ట్‌నర్ మెషీన్ పెట్టించాలా, మామూలు ఫిల్టర్ సరిపోతుందా అని రాత్రి పదింటికి వెతికే మనిషి వేరు. ఆ రెండో మనిషి రేపో ఎల్లుండో డబ్బు ఖర్చుపెట్టబోతున్నాడు. కాబట్టి సాఫ్ట్‌నర్లు అమ్మేవాళ్ళూ, ప్లంబింగ్ పనులు చేసేవాళ్ళూ నీ వ్యాసం పక్క చోటు కోసం పాడతారు. ఇరుకైన విషయం తీసుకుంటే చదివేవాళ్ళు తక్కువమంది ఉంటారని భయపడకు. తక్కువమందే, కానీ అవసరంతో వస్తారు, చివరిదాకా చదువుతారు.

అలాగని ప్రకటన కోసం వ్యాసాన్ని వంచకు. సాఫ్ట్‌నర్ అక్కర్లేనివాళ్ళకి అక్కర్లేదనే చెప్పు. పీజీలో అద్దెకుండే అమ్మాయి బాత్‌రూమ్‌కి పెద్ద మెషీన్ పెట్టించుకోలేదు కదా. ఆమెకి చివరగా ఒక మగ్గు ఆర్‌ఓ నీళ్ళతో తల కడుక్కోమని చెప్పడమే సరైన సలహా. ఆ మాట వల్ల ప్రకటనవాళ్ళకి లాభం లేకపోయినా, చదివిన అమ్మాయి నిన్ను నమ్ముతుంది. పక్క రూమ్ పిల్లకి లింకు పంపుతుంది.

ఇక ఆ మూడో వ్యాసం సంగతి. హార్డ్ వాటర్, అంటే ఇలా గార కట్టే నీళ్ళ వల్లే జుట్టు ఊడిపోతుందని తేల్చి రాసేశావు. అది తీసెయ్. ఆ నీళ్ళతో జుట్టు బిరుసెక్కడం, షాంపూ సరిగా పోకపోవడం నిజమే. కుదుళ్ళనుంచి ఊడటానికి మాత్రం ఐరన్ తక్కువ కావడం, థైరాయిడ్, నిద్రలేమి, కొత్త ఉద్యోగం టెన్షన్ ఇలా సవాలక్ష కారణాలుంటాయి. నెలలు గడిచినా తగ్గకపోతే చర్మం డాక్టర్‌కి చూపించుకోమని రాయి. ఒంటికి సంబంధించిన విషయంలో తెలిసినంతే రాయాలి, ఇది నీకు గట్టిగా చెబుతున్నాను. నీ మాట పట్టుకుని ఒక పిల్ల డాక్టర్ దగ్గరికి వెళ్ళడం ఆలస్యం చేస్తే, ఎంత ఆదాయం వచ్చి ఏం లాభం?

టీడీఎస్ మీటర్ పెట్టి చూస్తే 900 చూపించింది, కాబట్టి హార్డ్ వాటర్ అని ఇంకో చోట రాశావు. ఆ మీటర్ నీళ్ళలో కరెంటు ఎంత పారుతుందో చూసి, కరిగిన లవణాలు మొత్తం ఎన్ని ఉంటాయో అంచనా కడుతుంది. వాటిలో కాల్షియం, మెగ్నీషియం ఎంతో చెప్పలేదు. నీళ్ళ కాఠిన్యం ఆ రెండింటి వల్లే వస్తుంది. దానికి వేరే టెస్ట్ కిట్ ఉంటుంది. తాగే నీళ్ళకి మన దేశపు ప్రమాణం ఐఎస్ 10500లో టీడీఎస్ లీటరుకి 500 మిల్లీగ్రాములు, కాఠిన్యం 200 దాకా ఉండొచ్చని రాసి ఉంటుంది. వేరే నీళ్ళు దొరకని చోట 2000, 600 దాకా ఒప్పుకుంటారు. ఈ రెండు జతల అంకెలూ, మీ బాత్‌రూమ్ కుళాయిలో నువ్వు కొలిచిన అంకె పక్కపక్కన పెట్టు. వంటింటి ఆర్‌ఓ బాత్‌రూమ్ నీళ్ళకి పనికిరాదనీ, సాఫ్ట్‌నర్‌లో ఉప్పు వేస్తూ ఉండాలనీ, అది కాల్షియాన్ని తీసి ఆ చోట సోడియం పెడుతుందనీ చెప్పు. షవర్‌కి తగిలించే చిన్న ఫిల్టర్లలో చాలావరకు క్లోరిన్‌ని పట్టుకునేవే, కాఠిన్యాన్ని పెద్దగా తగ్గించవు. అది కొనే ముందు తెలిస్తే ఎంతమందికి డబ్బు మిగులుతుందో ఆలోచించు. ఒక్క జుట్టు వ్యాసం ఇలా నాలుగైదు వ్యాసాలవుతుంది. ఒకదాంట్లో ఇంకోదానికి లింకు ఇవ్వొచ్చు.

పీజీ పేరు మాత్రం ఎక్కడా రాయకు. ఓనర్‌తో గొడవ నీకెందుకు.

శీర్షిక జనం వెతికే మాటల్లో పెట్టు. కఠిన జలం అని స్కూలు పుస్తకంలో చదువుకున్నాం గానీ, కేఆర్ పురంలో ఉన్న మనవాళ్ళు బోరు నీళ్ళు, హార్డ్ వాటర్ అనే వెతుకుతారు. తెలుగులో రాయనా, ఇంగ్లీషులో రాయనా అని అడిగావు. యాడ్‌సెన్స్ 2018 నుంచి తెలుగు పేజీలకి కూడా ఉంది. తెలుగు పేజీకి ప్రకటనల రేటు సాధారణంగా తక్కువే, పోటీ కూడా తక్కువే. నీకు ఆలోచన తెలుగులో వస్తుంది, అందుకే నీ ఇంగ్లీషు వ్యాసం పొడిపొడిగా ఉంది. అనంతపురం, కడప, చిత్తూరు వైపునుంచి ప్రతి ఏడూ ఎంతమంది పిల్లలు ఈ ఊళ్ళో పీజీల్లోకి దిగుతున్నారో నీకు తెలియంది కాదు. వాళ్ళకి తెలుగులో రాయి. ఇంగ్లీషు సంగతి తర్వాత చూడొచ్చు.

పాత వ్యాసాలని వదిలేయకూడదు. 2024 మార్చిలో ఇక్కడ నీళ్ళకి కటకట వచ్చినప్పుడు ట్యాంకర్ల గురించి రాసినవాటిని ఇప్పుడు పట్టించుకునేవాళ్ళు లేరు. అదే ఏడు అక్టోబర్‌లో కావేరి ఐదో దశ మొదలైంది. రోజుకి 775 మిలియన్ లీటర్లు, ఊరి చివర కలిసిన 110 గ్రామాల కోసం. మీ వైపు ఏ వీధికి కావేరి కనెక్షన్ వచ్చింది, ఎక్కడ ఇంకా బోరే దిక్కు, ఎక్కడ రెండూ ఒకే సంపులో కలుపుతున్నారు అనేది మారుతూనే ఉంటుంది. మూడు నెలలకోసారి వెళ్ళి చూసి, వాచ్‌మన్‌ని అడిగి, వ్యాసం సరిదిద్ది, ఏ తేదీన సరిదిద్దావో పైన వెయ్యి. బెంగళూరులో కూర్చుని రాయడంలో నీకున్న బలం ఇదే.

ఏఐతో రాయించుకుంటే రోజుకి పది వ్యాసాలు పెట్టొచ్చని నీ స్నేహితురాలు చెప్పిందన్నావు. పెట్టొచ్చు. కానీ అలా గుట్టలుగా తయారుచేసి వదిలే పేజీలని 2024 మార్చిలో గూగుల్ స్పామ్ నియమాల్లో చేర్చింది. అంతకుముందే, 2022 డిసెంబర్‌లో, పేజీల నాణ్యత చూసేవాళ్ళకి ఇచ్చే సూచనల్లో రాసినవాళ్ళ సొంత అనుభవాన్ని కూడా చేర్చింది. పైగా మామూలు ప్రశ్నలకి జవాబు ఇప్పుడు వెతికిన పేజీ పైభాగంలోనే వచ్చేస్తోంది, జనం కిందికి దిగడం లేదు. మీ బకెట్ ఫోటో, మీ కుళాయి అంకె ఆ జవాబులో ఉండవు. వాటికోసమైనా నీ పేజీ తెరవాలి.

ఏ సైటునీ పుట్టిల్లు అనుకోకు. స్క్విడూ అనే ఇలాంటి వ్యాసాల సైటు 2005లో మొదలై ఎంతో పేరు తెచ్చుకుని, 2014లో హబ్‌పేజెస్‌లో కలిసిపోయింది. యాహూ 2010లో అసోసియేటెడ్ కంటెంట్‌ని కొని, పేరు మార్చి, 2014లో మూసేసింది. గూగుల్ తన సొంత వ్యాసాల సైటు నోల్‌ని 2008లో తెరిచి 2012లో ఎత్తేసింది. సైటు బతికున్నా గండం తప్పదు. 2011 ఫిబ్రవరిలో గూగుల్ వెతుకులాటలో పాండా అనే మార్పు తెచ్చినప్పుడు, నాసిరకం వ్యాసాలు పోగేసిన సైట్లు చాలా కిందికి పోయాయి. వాటితోపాటు అక్కడే శ్రద్ధగా రాసుకున్నవాళ్ళ పేజీలూ పోయాయి, తప్పు వాళ్ళది కాకపోయినా. ఆ రోజుల్లో నాకు తెలిసిన ఒకావిడ కుట్టుమెషీన్ రిపేర్ల మీద ఎంత వివరంగా రాసేదో! తన దగ్గర కాపీ లేకపోవడంతో సైటుతోపాటే ఆ వ్యాసాలూ పోయాయి. ఈనాటికీ నాకది బాధే. నువ్వు రాసిన ప్రతి వ్యాసం, తీసిన ప్రతి ఫోటో నీ దగ్గర ఒక ఫోల్డర్‌లో ఉండాలి. ఒకే వ్యాసాన్ని రెండు సైట్లలో మాత్రం పెట్టకు.

ఇంకా కొన్ని చిల్లర సంగతులు. నీ ప్రకటనల మీద నువ్వు నొక్కకూడదు, రూమ్‌మేట్లని నొక్కమని అడగకూడదు. ఒకే వైఫైలోంచి ఆ నొక్కుళ్ళు గూగుల్‌కి తెలిసిపోతాయి, ఖాతా మూసేస్తారు. యాడ్‌సెన్స్‌లో పది డాలర్లు చేరాక, నీ అడ్రస్ సరిచూసుకోవడానికి పిన్ నంబరు పోస్టులో వస్తుంది. పీజీ అడ్రస్ ఇస్తే ఆ కవరు ఎవరి చేతిలో పడుతుందో చెప్పలేం, మీ అమ్మ వాళ్ళ ఇంటి అడ్రస్ ఇవ్వు. నాలుగు నెలల్లోపు పిన్ కొట్టకపోతే ప్రకటనలు ఆగిపోతాయి. వంద డాలర్లు చేరితేనే డబ్బు బ్యాంకులో పడుతుంది, అదీ నెలలో 21 నుంచి 26 లోపు. ఆ ఆదాయాన్ని ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో చూపించు. ఆ మొదటి వంద చేరడానికి నెలలు పడుతుంది, చాలామంది అక్కడే మానేస్తారు. దసరా, దీపావళి రోజుల్లో రేట్లు పెరిగి జనవరిలో పడిపోతాయి. అప్పుడు నీ రాత బాగోలేదేమోనని బెంగపెట్టుకోకు. పీజీ అద్దె ఈ డబ్బుతో కడదామని మాత్రం లెక్క వేసుకోకు, ఉద్యోగం ఉద్యోగమే.

కాఠిన్యం కొలిచే కిట్ నా దగ్గర ఉంది. ఆదివారం బసవనగుడి వచ్చినప్పుడు రెండు సీసాల్లో నీళ్ళు పట్టుకురా, ఒకటి బాత్‌రూమ్ కుళాయివి, ఒకటి ట్యాంకర్ వచ్చిన రోజువి. మీద తేదీ రాసి అంటించు. ఇద్దరం కూర్చుని కొలుద్దాం. మధ్యాహ్నం భోజనం ఇక్కడే.

మీ పిన్ని