ఒట్టు వేశాను, ఇప్పుడెలా?

ప్రశ్న: బాలికల సంరక్షణ గృహంలో కేర్‌టేకర్‌ని. సంక్రాంతికి ఇంటికెళ్లొచ్చిన పదమూడేళ్ల పాప, నేను జడ వేస్తుంటే, బాబాయి తనతో తప్పుగా ప్రవర్తించాడని చెప్పి ఏడ్చింది. ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకుంది. మా మేడం "గొడవెందుకు, ఊరుకో" అంటున్నారు. నిద్ర పట్టడం లేదు.
- ఒక సోదరి, ఏలూరు

జవాబు: అమ్మా, ఆ ఒట్టు తీసి గట్టున పెట్టండి. పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, విషయం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. దాచితే ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. మేడం వద్దన్నారని ఆగకండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసినా దారి చూపిస్తారు.

అయితే ముందు పాపతో మాట్లాడండి. ఇలాంటి గృహంలోనే పనిచేసిన కొత్తల్లో నేను పిల్లకు చెప్పకుండా పోలీసులకు చెప్పాను. రెండు నెలలు నా ముఖం చూడలేదు. ఆ బాధ నాకింకా ఉంది. "చెప్పనన్నాను, అది నా తప్పు. నిన్ను కాపాడాలంటే చెప్పాలి, నీ పక్కనే ఉంటాను" అనండి. వాంగ్మూలం కోసం ఆమెను స్టేషన్‌కి తీసుకెళ్లక్కర్లేదని, యూనిఫాం లేకుండా ఇక్కడికే వస్తారని చెప్పండి.

మళ్లీ మళ్లీ గుచ్చి అడగొద్దు. పాప అన్న మాటలు అన్నట్టే, తేదీ వేసి రాసుకోండి. తోటి ఆయాలకు కూడా పేరు పొక్కనివ్వొద్దు. బాలల సంక్షేమ కమిటీ తేల్చేదాకా ఏ సెలవులకూ ఆ ఇంటికి పంపనివ్వకండి.