ప్లాటు మార్జిన్‌కు పర్సనల్ లోనా?

ప్రశ్న: నా వయసు 33. కూకట్‌పల్లిలో అద్దెకు ఉంటున్నాం. ప్రైవేటు ఉద్యోగం, చేతికొచ్చే జీతం రూ.82,000. అద్దె రూ.18,000, మిగతా ఇంటి ఖర్చులు రూ.30,000. భార్య, నాలుగేళ్ల పాప, ఖమ్మంలో ఉన్న అమ్మానాన్న అందరూ నా జీతం మీదే. రియల్ ఎస్టేట్‌లో తొలి అడుగుగా షాద్‌నగర్ వైపు 200 గజాల ప్లాటు చూశాం. గజం రూ.20,000. బ్యాంకు రూ.28 లక్షలు ఇస్తానంది. ఎఫ్‌డీలో ఉన్న రూ.6 లక్షలు తీసి, మరో రూ.6 లక్షలు పర్సనల్ లోన్ తీసుకుని, రిజిస్ట్రేషన్‌కు నగలు తాకట్టు పెడదామనుకుంటున్నాం. ఆదివారంలోగా లక్ష టోకెన్ ఇవ్వాలట. ముందుకెళ్లమంటారా?

జవాబు: వద్దండీ. ప్లాటు మంచిదా కాదా అన్నది తర్వాతి మాట. ముందు మీ లెక్కే నిలబడటం లేదు.

నాకొచ్చే ఉత్తరాల్లో ఈ పొరపాటు పదేపదే కనిపిస్తుంది కాబట్టి కాస్త కటువుగానే చెబుతాను. బ్యాంకు 70 శాతమే ఎందుకిస్తోంది? మిగతా 30 శాతం, అంటే మార్జిన్, మీ సొంత డబ్బు కావాలని. అందులో సగం మరో బ్యాంకు దగ్గర తెస్తే అది సొంత డబ్బెలా అవుతుంది? ‘ప్లాటు లోన్ మంజూరయ్యాక పర్సనల్ లోన్ పెట్టండి, సిబిల్‌లో (మీ అప్పుల చరిత్ర రిపోర్టులో) ముందే కనబడదు’ అని ఏజెంటు చెప్పే ఉంటాడు. అందరికీ చెప్పేదే. వాయిదాలు కట్టేది ఆయన కాదు కదా.

లెక్క చూడండి. రూ.28 లక్షలకు 9 శాతం వడ్డీతో 15 ఏళ్లకు నెలకు దాదాపు రూ.28,400. పర్సనల్ లోన్ 14 శాతం మీద అయిదేళ్లకు రూ.13,960. తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చు అన్నీ కలిపి 7.5 శాతం, అంటే రూ.3 లక్షలు, ఆ గోల్డ్ లోన్‌కు 10 శాతం అనుకున్నా వడ్డీయే నెలకు రూ.2,500. మొత్తం దాదాపు రూ.45,000. అద్దె, ఇంటి ఖర్చులు కలిపి రూ.48,000. అంటే రూ.93,000. జీతం రూ.82,000. తగ్గిన ఆ 11 వేలు ఏ నెలకానెల ఎక్కడినుంచి తెస్తారు? క్రెడిట్ కార్డు గీకుతారా?

ఇంకో సంగతి. పర్సనల్ లోన్ డబ్బుతో మీరు కొనేది 30 గజాలు. అయిదేళ్లలో దానికి కట్టేది రూ.8.37 లక్షలు. గజం దాదాపు రూ.28,000 పడిందన్నమాట. ఏజెంటుతో బేరమాడి గజానికి 500 తగ్గించుకున్నామని సంబరపడేవాళ్లు ఈ లెక్క మాత్రం వేసుకోరు.

ఇప్పుడు నాకు అసలు భయం కలిగించిన మాటకు వస్తాను. ఎఫ్‌డీ మొత్తం తీసేస్తానన్నారు. ఒక్కరి జీతం మీద అయిదుగురు బతుకుతున్న ఇంట్లో ఆ రూ.6 లక్షలే ఆసరా. ఉద్యోగం పోతే కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా కూడా దాంతోపాటే పోతుంది. ఖమ్మం నుంచి నాన్నగారిని ఆసుపత్రికి తేవాల్సి వస్తే, ప్లాటులో పది గజాలు కోసి అమ్మి బిల్లు కట్టలేరు. 2020 లాక్‌డౌన్‌లో జీతం సగమైన ఒకాయన నా దగ్గరికి వచ్చారు. చేతిలో రెండు ప్లాట్లున్నాయి, బ్యాంకులో ఒక నెల ఖర్చుకు డబ్బు లేదు. అమ్మకానికి పెడితే ఏడు నెలలపాటు ‘వస్తాం, చూస్తాం’ అన్నవాళ్లే. చివరికి కొన్న ధరకే వదిలించుకున్నారు. వాయిదా 90 రోజులు దాటి ఆగితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది, ఆ తర్వాత తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు వస్తుంది. ప్లాటు కొనేవాడు దొరకడానికి అంతకన్నా ఎక్కువ కాలమే పట్టొచ్చు.

అందుకే ఆ ఆరు లక్షల్లో నాలుగు లక్షలు కదపకండి. మీ ఇంటికి అది ఎనిమిది నెలల ఖర్చు. ఆరు నెలలది చాలంటారు కొందరు. పెద్దవాళ్లున్న ఇంటికి నేను ఒప్పుకోను. దానికి ప్లాటు ఖాతా అని, పాప చదువు ఖాతా అని వేరే పేర్లు పెట్టకండి. మీ పేరిట టర్మ్ పాలసీ, కుటుంబానికి సొంత ఆరోగ్య బీమా ఈ నెలలోనే తీసుకోండి. రేపెప్పుడో ప్లాటుకు అప్పు చేసినా అది మీ భార్య నెత్తిన పడకూడదు కదా.

ఇప్పుడు నెలకు మీకు రూ.34,000 మిగులుతోంది. బీమాలు పోను రూ.30,000 పక్కన పెట్టినా, మిగిలిన రెండు లక్షలతో కలిపి రెండున్నరేళ్లలో రూ.11 లక్షలు. అప్పటికి ధర పెరిగిపోతుందంటారా? పెరగనివ్వండి. గజం రూ.23,000 అయినా 120 గజాలు రూ.27.6 లక్షలు, 30 శాతం మార్జిన్, రిజిస్ట్రేషన్ కలిపి సుమారు రూ.10.35 లక్షలు. ఎవరి దగ్గరా చేయి చాపకుండా సరిపోతుంది. ఖాళీ ప్లాటు అద్దె తెచ్చిపెట్టదని, ఇల్లు కట్టేదాకా ఆ లోన్ మీద పన్ను మినహాయింపు ఉండదని కూడా గుర్తుపెట్టుకోండి. ఈలోగా ఆస్తి మీద ఆదాయం రుచి చూడాలనిపిస్తే రీట్ యూనిట్లు (అద్దెలొచ్చే పెద్ద భవనాల్లో చిన్న వాటాలు) ఉన్నాయి, చిన్న మొత్తంతో.

వెంచర్ గురించి రెండు మాటలు. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌ను రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) నమోదు చేయకుండా అమ్మకూడదు, ప్రకటన కూడా ఇవ్వకూడదు. ఆ నంబరు, లేఅవుట్లకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థలు హెచ్‌ఎండీఏ లేదా డీటీసీపీ ఇచ్చిన అనుమతి కాగితం అడగండి. ‘ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్ క్రమబద్ధీకరణ ఫీజు) కట్టేస్తే సరిపోతుంది’ అన్న జవాబు వస్తే కారెక్కి వచ్చేయండి. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో) ఉందేమో, చెరువు ఎఫ్‌టీఎల్‌లోకి (పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దులోకి) వస్తుందేమో మీ లాయరు చూడాలి, వాళ్ల లాయరు కాదు.

ఆదివారం సైట్ విజిట్‌కు వెళ్లి వాళ్లు పెట్టే బిర్యానీ తినొస్తే తప్పులేదు, చెక్‌బుక్ మాత్రం ఇంట్లో ఉంచండి. ఈపాటికే టోకెన్ ఇచ్చేసి ఉంటే, రసీదు మీద ‘తిరిగి ఇవ్వబడదు’ అని ఉందో లేదో చూసి, లోన్ విషయంలో మనసు మార్చుకున్నామని ఈ వారంలోనే రాతపూర్వకంగా ఇచ్చి వెనక్కి అడగండి.