అటక మీది యాంప్లిఫయర్, ఒళ్లో ల్యాప్‌టాప్: మీ ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ ల్యాప్‌టాప్‌లోని పాటని పెద్ద స్పీకర్లలో వినడం గురించే, అందుకని వాటినన్నిటినీ ఒకచోట చేర్చాం.

ప్రశ్న (రాజమండ్రి నుంచి): మా నాన్నగారి పాత స్టీరియో యాంప్లిఫయర్‌ని, రెండు స్పీకర్లని అటక మీంచి దించాం సార్. ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ జాక్ నుంచి వైరు తీసి వెనక ఫోనో అని రాసి ఉన్న చోట పెట్టాను. పాట బొంగురుగా, పగిలిపోతూ వస్తోంది. యాంప్లిఫయర్ పోయినట్టేనా?

జవాబు: పోలేదు, కంగారు పడకండి. ముందు ఆ ఫోనోలోంచి వైరు తీసేయండి. అది రికార్డు ప్లేయర్ సూది నుంచి వచ్చే నాలుగైదు మిల్లీవోల్టుల కోసం పెట్టిన సాకెట్టు, వచ్చినదాన్ని లోపల సుమారు వంద రెట్లు పెంచుతుంది. పైగా ఎల్‌పీ రికార్డు కోసేటప్పుడే బాస్ తగ్గించి ట్రెబుల్ పెంచి కోస్తారు కాబట్టి ఫోనో సర్క్యూట్ దాన్ని తిరగేసి బాస్ పెంచుతుంది, ట్రెబుల్ దించుతుంది. మీ జాక్ నుంచి వచ్చేది ఒక వోల్టుకి అటూ ఇటూ. ఉగ్గుగిన్నెలోకి మోటారు పైపు పెడితే ఏమవుతుందో మీ పాటకీ అదే అయింది.

ఆక్స్, ట్యూనర్, సీడీ, లేదా టేప్ ప్లే, వీటిలో ఏది ఖాళీగా ఉంటే అందులో పెట్టండి, అన్నీ ఒకటే. ఒకవైపు 3.5 మిల్లీమీటర్ల పిన్ను, రెండోవైపు ఎరుపు తెలుపు ఆర్‌సీఏ పిన్నులు ఉన్న వైరు చాలు. ఎరుపు కుడి స్పీకర్‌కి. మీ సెట్టుకి ఆర్‌సీఏ కాకుండా ఐదు పిన్నుల గుండ్రటి డిన్ సాకెట్టు ఉంటే దానికి వేరే కన్వర్టర్ వైరు దొరుకుతుంది. ల్యాప్‌టాప్‌లో వాల్యూమ్ దాదాపు పూర్తిగా పెట్టి, పెంచడం తగ్గించడం యాంప్లిఫయర్ నాబ్‌తోనే చేయండి. ఆ నాబ్ తిప్పుతుంటే కరకరమంటే అది లోపలి దుమ్ము. పవర్ ప్లగ్గు తీసి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టించి, ఓ ఇరవై సార్లు అటూ ఇటూ తిప్పితే చాలావరకు పోతుంది.

ప్రశ్న (విజయవాడ నుంచి): యూఎస్‌బీ డాక్ (ల్యాప్‌టాప్‌లోని డిజిటల్ పాటని యాంప్లిఫయర్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే పెట్టె) కొన్నాను. బ్యాటరీ మీద వింటే పాట అద్భుతంగా ఉంది. చార్జర్ పెట్టగానే స్పీకర్లలో గుయ్యిమని మోత. ల్యాప్‌టాప్ మెటల్ బాడీ మీద మణికట్టు ఆనితే సన్నగా జివ్వుమంటోంది కూడా. చార్జర్ త్రీ పిన్‌దే. ఎర్త్ పిన్ను కోసేస్తే పోతుందని తెలిసినవాళ్లు చెప్పారు. కోసేయనా?

జవాబు: వద్దు, ఆ మాట చెప్పినవాళ్లకి కూడా వద్దని చెప్పండి. చార్జర్ లోపల ఇన్సులేషన్ ఎప్పుడైనా దెబ్బతింటే ఆ కరెంటు భూమిలోకి పోవడానికి ఉన్న దారి ఆ పిన్నే, అది లేకపోతే దారి మీరే అవుతారు.

మోత కన్నా నాకు మీ మణికట్టు జివ్వుమనడమే ముఖ్యంగా అనిపించింది. ల్యాప్‌టాప్ చార్జర్లలో, కరెంటు లైన్లోంచి వచ్చే చెత్తని ఆపడానికి చిన్న కెపాసిటర్లు పెడతారు, వాటి గుండా చాలా కొద్దిగా కరెంటు బాడీలోకి లీకవుతూనే ఉంటుంది. ఎర్త్ సరిగ్గా ఉంటే అది మీకు తెలియకుండానే అటు పోతుంది. టూ పిన్ చార్జర్ అయితే జివ్వుమనడం మామూలే. కానీ త్రీ పిన్ పెట్టినా జివ్వుమంటోందంటే నా అనుమానం చార్జర్ మీద కాదు, మీ స్విచ్ బోర్డు మీద: చూడ్డానికి మూడు బెజ్జాలున్నా పై బెజ్జం వెనక ఎర్త్ వైరు లేకపోయి ఉండొచ్చు, ఉన్నా ఎక్కడో ఊడిపోయి ఉండొచ్చు. అప్పుడా లీకేజీ డాక్ గుండా, ఆర్‌సీఏ వైరు పై తొడుగు గుండా యాంప్లిఫయర్‌లోకి వెళ్లి, అక్కణ్ణించి ఎర్త్ ఎక్కడ దొరికితే అక్కడికి పోతుంది, పోతూ పోతూ పాటలో గుయ్యిమంటుంది. మా ఇంట్లో ఇదే గొడవ నెల రోజులు నడిచింది. రెండు వైర్లు మార్చాను, డాక్ మీద తిట్లు కురిపించాను, చివరికి ఎలక్ట్రీషియన్ వచ్చి పెరట్లో ఎర్త్ గుంత మూత తీస్తే లోపల తీగ తుప్పు పట్టి విరిగిపడి ఉంది.

కాబట్టి మొదట ఎలక్ట్రీషియన్‌తో ఆ బోర్డులో ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య ఎంత వస్తోందో చూపించండి. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య వచ్చినంతే, అంటే 230 వోల్టుల చుట్టుపక్కల రావాలి. ఎర్త్ బాగయ్యాక ల్యాప్‌టాప్ చార్జర్, యాంప్లిఫయర్ రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులోంచి తీసుకోండి. జివ్వుమనడం పోయి మోత మాత్రం మిగిలితే అది గ్రౌండ్ లూప్, అంటే రెండు పరికరాలు రెండు దారుల్లో ఎర్త్‌కి చేరుతుంటే ఆ చుట్టులో తిరిగే కరెంటు. మన ఇళ్లలో దీనికి తరచూ కారణమయ్యేది టీవీ. యాంప్లిఫయర్‌కి టీవీ కూడా కలిపి ఉంటే సెట్‌టాప్ బాక్స్ వెనక కేబుల్ వైరుని ఒక్కసారి విప్పి చూడండి, మోత ఠక్కున ఆగితే దొంగ దొరికినట్టే.

అప్పటికీ పోకపోతే యూఎస్‌బీ ఐసొలేటర్, అంటే ల్యాప్‌టాప్‌కీ డాక్‌కీ మధ్య కరెంటు దారి తెంచి డేటాని మాత్రం పోనిచ్చే చిన్న పరికరం, పెట్టుకోవచ్చు. చవక రకాలు చాలావరకు సెకనుకి 12 మెగాబిట్ల వేగం మాత్రమే ఇస్తాయి, సీడీ నాణ్యతకి అది బోలెడు, 192 కిలోహెర్ట్జ్ హై-రెజల్యూషన్ ఫైళ్లకి మాత్రం చాలదు. డాక్‌కి ఆప్టికల్ ఇన్‌పుట్ ఉంటే ఇంకా తేలిక, ఆ వైర్లో పోయేది వెలుతురే కాబట్టి దాని గుండా ఏ మోతా రాదు. 2015 దాకా వచ్చిన చాలా మ్యాక్‌బుక్ ప్రోలలో హెడ్‌ఫోన్ జాక్ లోపలే ఆప్టికల్ అవుట్ ఉంది, జాక్‌లోకి తొంగిచూస్తే ఎర్రటి వెలుగు కనిపించేది అదే. మూలపడ్డ పాత మ్యాక్‌బుక్ ఉంటే పాటలకి దాన్ని మించింది లేదు.

ప్రశ్న (నిజామాబాద్ నుంచి): నా దగ్గర పాత తెలుగు పాటలు మూడు వేల దాకా ఉన్నాయి, అన్నీ 128 కేబీపీఎస్ ఎంపీ3లు. ఫ్లాక్‌లోకి (పాటలో ఏదీ పారేయకుండా దాచే ఫైలు రకం) మారిస్తే క్వాలిటీ పెరుగుతుందా? ఘంటసాల పాటలు 24 బిట్, 192 అని ఎక్కడైనా దొరికితే తీసుకోవచ్చా?

జవాబు: పెరగదు, హార్డ్ డిస్క్ నిండుతుంది అంతే. ఎంపీ3 చేసేటప్పుడే చెవికి అంతగా తెలియదనుకున్న భాగాన్ని తీసి పారేస్తారు, పారేసింది ఫ్లాక్ డబ్బాలో పెట్టినంత మాత్రాన తిరిగి రాదు. ఒరిజినల్ సీడీలు ఇంట్లో ఉంటే ఓ యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ కొని, ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ఉచిత ప్రోగ్రాంతో నెమ్మదిగా ఫ్లాక్‌లోకి ఎక్కించుకోండి. గీతలు పడ్డ సీడీని కూడా అది మళ్లీ మళ్లీ చదివి, ఎక్కడ తప్పు చదివిందో చెబుతుంది.

ఘంటసాల సంగతి. ఆ రోజుల సినిమా పాటలు దాదాపు అన్నీ మోనో. సీడీలో ఉండే 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ (అంటే శబ్దాన్ని సెకనుకి 44,100 సార్లు కొలవడం) రికార్డింగు 22 కిలోహెర్ట్జ్ దాకా స్వరాలని పట్టుకుంటుంది, కుర్ర చెవి కూడా 20 దాటి వినలేదు, మీదీ నాదీ ఎప్పుడో ఇంకా దిగిపోయి ఉంటుంది. పాత ట్రాక్‌లో లేనిది 192 పెట్టినా రాదు. అంకెలు చూసి కాదు, ఏ మాస్టర్ (మూల రికార్డింగు) నుంచి తీశారో చెవితో విని కొనండి. కొత్తగా డ్రమ్ములు అతికించి స్టీరియో అని అమ్మే వాటికన్నా, సన్నగా గరగరలున్నా సరే గొంతు నిండుగా వినిపించే మోనో కాపీయే నాకు ఇష్టం.

ప్రశ్న (డాలస్ నుంచి): విండోస్‌లో ఎక్స్‌క్లూజివ్ మోడ్ పెట్టుకుంటేనే అసలైన సౌండ్ వస్తుందంటున్నారు. మ్యాక్‌లో కూడా అలాంటిదేమైనా ఉందా?

జవాబు: విండోస్ మామూలుగా అన్ని ప్రోగ్రాంల శబ్దాలనీ ఒకచోట కలిపి, ఒకే రేటుకి మార్చి డాక్‌కి పంపుతుంది. అది 48 కిలోహెర్ట్జ్‌కి పెట్టి ఉంటే సీడీ వారి 44.1 కూడా 48 అయిపోతుంది. ఫూబార్2000 లాంటి ప్లేయర్లో వాసాపి (విండోస్‌లో శబ్దాన్ని పంపే ఒక పద్ధతి) ఎక్స్‌క్లూజివ్ ఎంచుకుంటే ఈ కలపడాలు, మార్చడాలు లేకుండా ఫైల్లో ఉన్నది ఉన్నట్టు పోతుంది. మ్యాక్‌లో ఆడియో మిడి సెటప్ తెరిచి రేటు చేత్తో మార్చుకోవాలి. నిజం చెప్పాలంటే ఆ మార్పిడి తేడా నా చెవికి దొరకలేదు. ఎక్స్‌క్లూజివ్ మోడ్ నేను పెట్టుకుంది వేరే కారణానికి: ఒకరోజు రాత్రి పదకొండింటికి సన్నని వీణ వింటూ నాబ్ బాగా పెంచి ఉంచాను, ఎవరిదో మెసేజ్ వచ్చింది, ఆ టింగుమన్న శబ్దం రెండు పెద్ద స్పీకర్లలోంచి పిడుగులా పడి పక్క ఫ్లాటు వాళ్లు లేచి తలుపు కొట్టారు. ఎక్స్‌క్లూజివ్‌లో ఉండగా వేరే ప్రోగ్రాం నోరెత్తలేదు.

ప్రశ్న (విశాఖపట్నం నుంచి): డాక్‌కి ఎనిమిది వేల రూపాయల యూఎస్‌బీ కేబుల్ చూపిస్తున్నారు. తేడా ఉంటుందా?

జవాబు: ఉండదు. కేబుల్ నిజంగా పాడైతే పాట మందంగా రాదు, టకటక తెగుతూ వస్తుంది, లేదా అసలు రాదు. ఐదు మీటర్లు దాటకుండా చూసుకోండి, ఆ ఎనిమిది వేలూ స్పీకర్ల ఖాతాలో వేసుకోండి. నా డాక్ వెనక ఉన్నది చచ్చిపోయిన ప్రింటర్‌తో పాటు డబ్బాలో వచ్చిన కేబులు.